ప్రార్థన కొండకు ఒంటరి పరుగు



ఈ సంవత్సరం ఫిబ్రవరి నెలలో ఒంగోలులో మూడు దినములు జరిగిన సేవకుల సదస్సుకు వెళ్ళివచ్చాము. అక్కడ విన్న వర్తమానములను గూర్చి ఇతర సేవకులు వ్రాస్తారు. సదస్సు గంట కొట్టకముందు, ఇంకా తెల్లవారని వేళ, ఆ పట్టణపు రోడ్ల మీద మాకు కలిగిన అనుభవాన్ని మాత్రమే ఇక్కడ వ్రాస్తున్నాము. మేము అని వ్రాయడం అలవాటు గాని, ఆ రోడ్డు మీద ఉన్నది మేమొక్కరమే. అదే ఈ వ్యాసానికి కారణం.

కొంచెం వెనుకకు వెళ్ళి చెప్పాలి. మాకు షుగరు ఉన్నదని తెలిసి ఏడేళ్ళయింది. డాక్టరుగారు మాత్రలు వ్రాసి, "అయ్యగారూ, మీరు కూర్చుని చదువుతారు, నిలబడి ప్రసంగిస్తారు. ఈ రెండింటికీ మధ్య ఒళ్ళు కదిలే పని ఏదైనా ఉందా?" అని అడిగారు. లేదు. ఆ సంగతి మా సంఘపెద్ద అయిన మాస్టారుగారితో అన్నాము. ఆయన ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి రిటైరయ్యారు, మాకంటె పదిహేనేళ్ళు పెద్దవారు. మరునాడు వేకువన 4:45కు మా గేటు గడియ చప్పుడయింది. ఆరేళ్ళపాటు ఆదివారము తప్ప ప్రతి దినము ఆ గడియ చప్పుడవుతూనే ఉంది.

మాస్టారు నేర్పిన పరుగు మూడు మాటల్లో చెప్పవచ్చు. కాలువ గట్టు పొడవునా కరెంటు స్తంభాలున్నాయి. మూడు స్తంభాలు పరుగు, ఒక స్తంభం నడక. కొన్ని నెలలకు అది ఆరు పరుగు, ఒకటి నడక అయింది. వేగం ఎంత ఉండాలంటే, పక్కవారితో మాట్లాడగలిగినంత. మాట తెగిపోయి ఆయాసం వచ్చిందంటే వేగం ఎక్కువైనట్టు. పెద్దపెద్ద కోచ్‌లు కూడా కొత్తవారికి ఇదే చెబుతారని తరువాత చదివాము. ఊళ్ళోవాళ్ళు మొదట్లో నవ్వారు. "అయ్యగారిని ఎవరో తరుముతున్నారు, మాస్టారు కాపాడటానికి పోతున్నారు" అని పాలకేంద్రం దగ్గర ఒక హాస్యం పుట్టింది. మాకు మాత్రం రక్తపరీక్షలో అంకెలు దిగాయి, మాత్ర ఒకటి తగ్గింది.

గత సంవత్సరం ఆగష్టులో మాస్టారు ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన ఆరాధన మేమే జరిగించాము. మరుసటి సోమవారం వేకువన మెలకువ వచ్చింది గాని, గడియ చప్పుడు కాలేదు. కాలువ గట్టుకు పోవాలంటే వారి ఇంటి ముందు నుండే దారి. ఆ దినము వెళ్ళలేదు. ఆ వారము వెళ్ళలేదు. జనవరిలో పరీక్ష చేయిస్తే, ఇలాగే ఉంటే ఇన్సులిన్ మొదలుపెట్టవలసి వస్తుందని డాక్టరుగారు అన్నారు. ఇంకొక సంగతి ఒప్పుకోవాలి. "ఇంకా పరుగెత్తుతున్నారా అయ్యగారూ?" అని ఎవరైనా అడిగితే "ఆఁ, అప్పుడప్పుడు" అనేవాళ్ళము. అది అబద్ధము. ఓర్పుతో పరుగెత్తుటను గూర్చి హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం నుండి వర్తమానము చెప్పిన ఆదివారము కూడా ఆ అబద్ధం ఆడాము.

సదస్సుకు బయలుదేరేటప్పుడు మా అమ్మగారు (సంఘమంతా మా భార్యను అలాగే పిలుస్తుంది) ఏమీ అనకుండా సంచిలో బట్టల అడుగున బూట్లు పెట్టింది.

మా ఊరు బాపట్లకు దగ్గర. పాసింజరు ఎక్కితే చీరాల, వేటపాలెం దాటి చినగంజాం దగ్గర తెల్లని ఉప్పుమళ్ళు కనబడతాయి. ఈ తీరం వెంట బకింగ్‌హాం కాలువ ఉన్నది. 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరువులో, ఆకలితో ఉన్నవారికి పని దొరకాలని క్లౌ దొరగారు ఈ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకున్నారు. కూలి డబ్బు కోసం, బియ్యం కోసం క్రైస్తవులయ్యారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మములు ఆపివేశారు. ఒంగోలు చేరకముందే రైలు గుండ్లకమ్మ వంతెన దాటుతుంది. పాత ట్రంకు రోడ్డు ఈ నదిని దాటేచోట, వెల్లంపల్లి వద్ద, 1878 జూలై 3న ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకొని నీళ్ళలో నిలబడ్డారు. దొరగారు ఒక్కరికి కూడా తాము ఇవ్వలేదు. బోగీలో మా పక్కన కూర్చున్న కుర్రవాడు సెల్‌ఫోనులో క్రికెట్ చూస్తున్నాడు. నది దాటుతున్నామని చెబుదామనుకొని ఊరుకున్నాము.

మాకు ఇచ్చిన బస ఒక పాత కాంపౌండులో చివరి గది. గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఒక పెద్దాయన ఉన్నారు. ప్రార్థన కొండ ఎంత దూరమని అడిగితే, "రెండున్నర కిలోమీటర్లు ఉంటదయ్యగారూ, ఆటోకి పోవచ్చు" అన్నారు. పరుగెత్తుకుంటూ పోతామంటే మమ్మల్ని పైనుండి క్రిందికి చూసి, "అయితే గేటు అయిదింటికి తీసి పెడతా" అన్నారు.

మొదటి వేకువ సంగతి క్లుప్తంగా చెబుతాము. బయలుదేరాము. వీధి దీపాల క్రింద రోడ్డు బోసిగా ఉంది. మంచు పట్టిన మునిసిపాలిటీ చెత్తబండి, మూతపడిన షట్టర్లు. కుక్కలు రెండు వెంటబడ్డాయి. ఆగి, వాటివైపు తిరిగి నిలబడితే పోయాయి. (కుక్క వెంటబడినప్పుడు పరుగు పెంచకూడదు, ఇది మాస్టారు పాఠమే.) ఆరు నెలలు ఆపిన కాళ్ళు ఇనుములాగా ఉన్నాయి. స్తంభాలు లెక్కపెడదామంటే పట్నంలో స్తంభాలు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. మాటల పరీక్ష చేసుకుందామంటే మాట్లాడటానికి పక్కన మనిషి లేడు. ఒక టీకొట్టు కనబడింది. టీ త్రాగాము. వెనుకకు వచ్చేశాము. కొండ కనబడనైనా లేదు.

రెండవ వేకువ లేవలేదు. మెలకువ వచ్చింది, పడుకునే ఉన్నాము. రాత్రి కూటము ఆలస్యమైందని, మోకాలు లాగుతోందని, సేవకునికి విశ్రాంతి కూడా అవసరమని కారణాలు వాటంతటవే వరుసగా వచ్చాయి. పరుగు మానడానికి కారణాలు వెదకనక్కరలేదు, పక్క మీదనే దొరుకుతాయి.

ఆ మధ్యాహ్నం భోజనాల తరువాత దొరికిన ఖాళీలో ఏలీయా చరిత్ర తీసి చదివాము. రాజుల మొదటి గ్రంథం 18వ అధ్యాయం చివరలో ఏలీయా నడుము బిగించుకొని అహాబు రథానికి ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తుతాడు. రథము వెనుక, వర్షము పైన, జనమంతా చూస్తుండగా! వెంటనే 19వ అధ్యాయంలో అదే మనిషి ప్రాణభయంతో పారిపోతాడు. బెయేర్షెబాలో తన దాసుని విడిచిపెట్టి, ఒక్కడే ఒక దినప్రయాణము అరణ్యములోనికి పోయి, బదరీ వృక్షము క్రింద కూలబడి, ఇక చాలునంటాడు. ఎన్నోసార్లు ఈ భాగము ప్రసంగించాము. ఆ దాసుని సంగతి ఎన్నడూ గమనించలేదు. పక్కనున్న మనిషిని వదిలివేసిన తరువాతనే ఆయన పడిపోయాడు. దేవుడు మొదట చేసినదేమిటి? గద్దించలేదు. ఉపదేశమైనా చెప్పలేదు. ఒక దూతను పంపి తట్టి లేపించాడు, కాల్చిన అప్పము, నీళ్ళు పెట్టించాడు, మరల నిద్రపోనిచ్చాడు, మరల తట్టి లేపించాడు. రెండుసార్లు! మేము మానిన పరుగును తిరిగి ఎత్తుకోవాలంటే ఎక్కువ విశ్వాసము, ఎక్కువ పట్టుదల కావాలని ఇన్నాళ్ళు మమ్మల్ని మేమే నిందించుకున్నాము. ఇక్కడ చూస్తే కావలసినది తట్టి లేపేవాడు, కొంచెం తిండి, కొంచెం నిద్ర.

పరుగు అనగానే ప్రసంగాలలో మనము ఎరిక్ లిడ్డెల్‌గారిని తలుచుకుంటాము. 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పందెపు తొలి పోటీలు ఆదివారము వచ్చినందున ఆయన ఆ పందెం వదులుకున్నారని చెప్పి, 400 మీటర్లలో గెలిచారని చెప్పి ముగిస్తాము. ఆ 400 మీటర్ల పందెంలో ఆయనకు అన్నిటికంటె బయటి గీత వచ్చింది. వంపుల్లో దూరము సమానము చేయడానికి బయటి గీతవారిని ముందుకు నిలబెడతారు గనుక ఆయనకు పోటీదారులలో ఒక్కరూ కంటికి కనబడరు. అందరూ వెనుకనే. అయిదుగురితో పోటీపడుతూ కూడా ఒంటరిగా పరుగెత్తవలసిన గీత అది. 47.6 సెకన్లలో ముగించి కొత్త ప్రపంచ రికార్డు చేశారు. అయితే ఆ ఉదయం బ్రిటిష్ జట్టుకు ఒళ్ళు మర్దన చేసే ఉద్యోగి ఒకరు ఆయన చేతిలో చిన్న కాగితం పెట్టారు. దానిలో ఉన్నది సమూయేలు మొదటి గ్రంథము 2వ అధ్యాయము 30వ వచనంలోని మాట, దేవుని ఘనపరచువారిని దేవుడు ఘనపరచునన్నది. మన పల్లె ప్రసంగాలలో ఆ మర్దన చేసే మనిషి ఎందుకు రాడో మాకు తెలియదు. లిడ్డెల్‌గారు తరువాత చైనాకు మిషనరీగా వెళ్ళి, జపానువారి నిర్బంధ శిబిరంలో 1945 ఫిబ్రవరి 21న మరణించారు. ఆ శిబిరంలో పిల్లలకు ఆటలు నేర్పింది ఆయనే.

రెండవ రాత్రి పడుకోబోయే ముందు బూట్లు గుమ్మం దగ్గర పెట్టాము, మేజోళ్ళు వాటిలో కుక్కి. చొక్కా, టార్చిలైటు కుర్చీ మీద పెట్టాము. జేబులో నాలుగు పటికబెల్లం ముక్కలు వేసుకున్నాము. షుగరు మాత్రలు వాడేవారు పరుగులో ఉన్నట్టుండి చెమట పట్టి, ఒళ్ళు వణికి, కళ్ళు తిరిగితే వెంటనే తీపి నోట్లో వేసుకోవాలి; ఒంటరిగా వెళ్ళేవారైతే మరీ జాగ్రత్త. ఇంటికి ఫోను చేసి, "రేపు అయిదింటికి బయలుదేరి కొండకు వెళ్తున్నాను, ఏడింటికి ఫోను చేస్తాను" అని చెప్పాము. అమ్మగారు, "ఏడయ్యాక రాకపోతే నేనే చేస్తాను" అంది. అంతే. వేరే మాట లేదు.

మూడవ వేకువ అయిదింటికి తలుపు మీద చప్పుడయింది. తీస్తే వాచ్‌మన్ పెద్దాయన. మఫ్లరు చుట్టుకొని, "నిన్న గేటు తీసి కూర్చున్నా, మీరు రాలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నా" అన్నారు. సిగ్గుపడ్డాము. మా కోసం ఒక మనిషి చలిలో గేటు తీసి కూర్చున్నాడన్న సంగతి మాకు తోచనేలేదు.

ఈసారి స్తంభాలు వదిలేశాము. వాచీ చూసుకొని మూడు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. మాటల పరీక్షకు 23వ కీర్తన పెట్టుకున్నాము. ఒక వచనం పెదవుల మీద మెల్లగా చెప్పుకోవడం. సగంలో ఊపిరి తెగితే అడుగు తగ్గించడం. ఇది బాగా పనిచేసింది. ఒంటరిగా పరుగెత్తేవారు తెలియకుండానే వేగం పెంచి తొందరగా అలసిపోతారు, పక్కన ఆపేవారు ఉండరు గనుక. మొదటి పది నిమిషాలు మునుపటిలాగానే ఇనుప కాళ్ళు. ఆ తరువాత ఒళ్ళు వేడెక్కి, నూనె పోసిన బండి ఇరుసులాగా కొంచెం సులువైంది. మొన్నటి టీకొట్టు వచ్చింది. కొట్టతను గుర్తుపట్టి, "టీ సారూ?" అన్నాడు. "వచ్చేటప్పుడు" అన్నాము. ఆ మాట అనేశాక ఇక వెళ్ళక తప్పదు కదా!

ప్రార్థన కొండ పెద్ద కొండ కాదు. నల్లమల చూసినవారికి గుట్టలాగా ఉంటుంది. పైకి నడిచే ఎక్కాము, పరుగెత్తే శక్తి లేదు. పైన గాలి చల్లగా ఉంది. క్రింద ఒంగోలు దీపాలు, తూర్పున కొత్తపట్నం సముద్రం వైపు ఆకాశంలో సన్నని తెలుపు. ఒక రాతి మీద కూర్చున్నాము.

1854 జనవరి 1వ తేదీ వేకువన ఈ కొండ మీద కొద్దిమంది మోకరించారు. అప్పటికి తెలుగు దేశంలో అమెరికన్ బాప్టిస్టు మిషను పని మొదలై 18 సంవత్సరాలు. 1836లో వచ్చిన డే దొరగారు ఆరోగ్యం చెడి 1853లో వెళ్ళిపోయారు. 1849లో వచ్చిన జ్యూవెట్ దొరగారు, దొరసానిగారు మిగిలారు. విశ్వాసులు కొద్దిమందే. ఆ 1853లోనే అమెరికాలో మిషను సభలవారు ఈ పని మూసివేద్దామా అని చర్చించుకున్నారు. వారి పటంలో ఇక్కడ ఒకే ఒక నక్షత్రం గుర్తు ఉండేది. దానిని బట్టి ఒంటరి నక్షత్రం అన్న పేరు వచ్చింది, సామ్యూల్ స్మిత్‌గారు ఆ పేరు మీదనే ఒక పద్యం వ్రాశారు, మిషను నిలిచింది. 1862లో మరల మూసివేద్దామన్నారు. అప్పటికి జబ్బుతో స్వదేశం చేరిన జ్యూవెట్‌గారు, మీరు సాయం చేయకపోయినా నేను తెలుగువారి మధ్య బ్రతకడానికి, అవసరమైతే చావడానికి తిరిగి పోతానని వారికి చెప్పారు. 1865లో తిరిగివచ్చారు, వెంట క్లౌ దొరగారిని తీసుకొని. మోకరించిన ఆ వేకువకు, వెల్లంపల్లి రేవుకు మధ్య 24 సంవత్సరాల 6 నెలలు.

ఈ చరిత్ర మాకు థియాలజీ చదివే రోజులనుండి తెలుసు. పరీక్షలో వ్రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాము. కాని ఆ రాతి మీద కూర్చొని, ఆ వేకువన ఇక్కడ ఉన్నవారిని లెక్కపెడితే, అయిదుగురు. జ్యూవెట్‌గారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు సహోదరుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు సహోదరీలు. మరి ఒంటరి నక్షత్రం ఎక్కడిది? సముద్రాలకు అవతల పటం చూసినవారికి ఒక్కటే చుక్క కనబడింది. ఇక్కడ చీకట్లో కొండ ఎక్కినప్పుడు ఒకరి అడుగుల చప్పుడు ఒకరికి వినబడే ఉంటుంది. జూలియా, రూతుల పేర్లు మన ఆదివారపు బడి పిల్లలలో ఎందరికి తెలుసు? ఇందులో మాదీ తప్పే, మా సంఘములో ఇంతవరకు చెప్పలేదు.

అలా కూర్చొని మాస్టారును తలుచుకొని కొంచెంసేపు ఏడ్చాము. భూస్థాపన దినమున ఏడవలేదు. ఆరాధన నడిపించేవారికి ఆ వీలుండదు. ప్రార్థన చేశాము. అది ఇక్కడ వ్రాయము.

దిగేటప్పుడు మోకాళ్ళు వణికాయి. దిగుడు ఎక్కుడుకంటె కాళ్ళకు కష్టమని అనుభవం లేనివారు నమ్మరు. సగం దూరం నడిచే వచ్చాము. టీకొట్టతను చక్కెర లేని టీ పోసి డబ్బులు తీసుకున్నాడు గాని బిస్కెట్టు ఊరకే ఇచ్చాడు. షుగరని చెప్పి దానిని వాచ్‌మన్ పెద్దాయనకు పట్టుకెళ్ళాము. ఏడుకు రెండు నిమిషాలు ఉండగా ఫోను మ్రోగింది. "ఇంకా ఏడు కాలేదు కదా" అంటే, "మా గడియారంలో అయింది" అంది అమ్మగారు.

శనివారం రాత్రికి ఇల్లు చేరాము. ఆదివారము ఆరాధనలో ప్రకటనల సమయాన, ఆగష్టు నుండి పరుగెత్తడం లేదని, అడిగినవారికి అబద్ధం చెప్పామని సంఘానికి చెప్పాము. చిన్న సంగతికి ఇంత ఒప్పుకోలు ఎందుకని కొందరు అనుకొని ఉండవచ్చు. పాలకేంద్రం కుర్రవాడు మాత్రం బయట చెప్పులు వేసుకుంటూ, "అయ్యగారూ, అయిదుంబావుకు కేంద్రం తాళం తీస్తాను, ఆ దారినే వస్తే కనబడతారు" అన్నాడు.

సోమవారం 4:45కు మెలకువ వచ్చింది. అమ్మగారు అప్పటికే లేచి గేటు గడియ తీస్తోంది. అది కావాలనే చప్పుడు చేసిందో, తుప్పు పట్టి అదే చప్పుడయిందో మేము అడగలేదు. మాస్టారు వీధిలోకి తిరిగాము. వారి గుమ్మం ముందు ఆయన భార్య కళ్ళాపి చల్లుతున్నారు. ఆరు నెలలుగా ఆదివారాల్లో గుడిలో పలకరించడమే గాని ఆ ఇంటి ముందుకు వెళ్ళలేదు. ఆగి, "వందనాలమ్మా" అన్నాము.

ఆమె బక్కెట్టు క్రింద పెట్టి, "ఇన్నాళ్ళూ ఏమైపోయారయ్యగారూ?" అన్నారు. "పొద్దున్నే మీ ఇద్దరి అడుగుల చప్పుడుకు లేచే అలవాటు నాకు. ఆయన లేకపోయినా మీరు పోతుంటారు, ఆ చప్పుడైనా వినబడుతుందనుకున్నా. అదీ లేకపోయేసరికి పొద్దెక్కేదాకా పడుకునే ఉంటన్నా."

మాకు జవాబు దొరకలేదు. "రేపు కూడా వస్తానమ్మా" అని మాత్రం అన్నాము.

మంగళవారం 5 గంటల 5 నిమిషాలకు వారి ఇంటి ముందు నుండి పోయాము. లోపల లైటు వెలుగుతోంది.